మచిలీపట్నం గుడ్డ, బందా జాజికాయ: వలందుల కంపెనీకి బలం ఎక్కడిది?

మచిలీపట్నంలో ఈనాటికీ వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వలందులంటే హాలండు వాళ్ళు, డచ్చివారు. పరాసులంటే ఫ్రెంచివారు. లోతు లేని రేవు, చుట్టూ ఉప్పు పర్ర. పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు, దూరాన లంగరు వేసుకుని నిలబడితే పడవల్లో సరుకు మోసుకెళ్ళాలి. అలాంటి ఊళ్ళో మూడు దేశాల కంపెనీలు పేటలు కట్టుకుని పోటీ పడ్డాయి. ఇంత అవస్థా పడింది గుడ్డ కోసం.

ఐరోపా రాజ్యాలు ఆసియాలో ఎలా ఎదిగాయని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: మిరియాల కోసం వచ్చారు, ఫిరంగులతో గెలిచారు. ఇందులో అబద్ధం లేదు, కానీ అసలు సంగతి సగమే ఉంది. ఫిరంగి ఓడను ముంచగలదు, రేవును మూయగలదు. నూలు వడకలేదు, మగ్గం ఆడించలేదు. 17వ శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్ద వర్తక సంస్థ డచ్చి ఈస్టిండియా కంపెనీ. దాని లాభాలకు ఆయువుపట్టు జాజికాయ, జాపత్రి, లవంగం. వాటిని కొనడానికి చెల్లిన ద్రవ్యం మాత్రం కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, గుడ్డ. ఈ లంకె పట్టుకుంటే కంపెనీ ఎక్కడ కత్తి దూసింది, ఎక్కడ చేతులు కట్టుకుని బేరమాడింది, ఎందుకు అలా చేసింది అన్నీ అర్థమవుతాయి.

దీవుల్లో చెల్లే ద్రవ్యం

ఆ రోజుల్లో జాజికాయ పండేది భూమ్మీద ఒక్క చోటే. ఇప్పటి ఇండోనేషియా తూర్పు కొసన ఉన్న బందా దీవులు, గట్టిగా లెక్కేస్తే పది చిన్న దీవులు. లవంగం చెట్లు కూడా ఆ పక్కనే తెర్నాతె, తిదోరె వంటి మలుకు దీవుల్లోనూ అంబోన్ చుట్టుపక్కలా మాత్రమే ఉండేవి. బందా వాళ్ళు వరి పండించరు. తిండికి సాగో పిండి, బియ్యం, కట్టుకోవడానికి గుడ్డ, మూడూ బయటినుంచి రావాలి. ఐరోపా ఓడ తెచ్చే ఉన్ని బట్టలు భూమధ్యరేఖ దగ్గర ఎవరికి కావాలి? వెండి నాణేలు తీసుకునేవారు కానీ మక్కువంతా గుడ్డ మీదే. పెళ్ళిలో ఇచ్చేది గుడ్డ, తప్పు చేస్తే చెల్లించే జరిమానా గుడ్డ, పెట్టెలో దాచుకునే ఆస్తి గుడ్డ.

ఈ సంగతి డచ్చివారు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. గుజరాతీలు, తమిళ ముస్లిం వర్తకులు, జావా వాళ్ళు, మలయ్ వాళ్ళు ఎంతోకాలంగా హిందూదేశపు గుడ్డను మలక్కా రేవుకు చేర్చి, అక్కడినుంచి దీవులకు పంచేవారు. పోర్చుగీసువారు 1498లో కాలికట్ చేరి, 1510లో గోవా, 1511లో మలక్కా పట్టుకున్నది ఆ ముడిని చేతిలో పెట్టుకోవడానికే. వాళ్ళ పద్ధతి కర్తాజ్, అంటే ఓడకిచ్చే అనుమతి చీటీ. ఓడ పరిమాణం, అందులోని ఆయుధాలు, ఎక్కడికి పోతున్నదీ అందులో రాసి ఉండేవి. చీటీ లేని ఓడ కనిపిస్తే సరుకుతో సహా జప్తు. కాగితం మీద గొప్ప ఏర్పాటే. కానీ పోర్చుగల్ చిన్న దేశం, సముద్రమా అంతులేనిది. కాపలాకు చాలినన్ని ఓడలు లేవు, ఉన్న అధికారులు సొంత వ్యాపారంలో మునిగి చీటీలు అమ్ముకున్నారు. సరుకు పండే చోటు, నేసే చోటు, కొనే చోటు వాళ్ళ అదుపులోకి రాలేదు. దారిలో నిలబడి సుంకం గుంజుకోవడంతోనే వాళ్ళ కథ చాలావరకు సరిపోయింది.

డచ్చివారు ఆ లోపం చూసి నేర్చుకున్నారు. 1605లో మచిలీపట్నం వచ్చారు, మరుసటి ఏడాది నిజాంపట్నంలో కూడా కోఠీ, అంటే వ్యాపార స్థావరం, పెట్టుకున్నారు. అప్పటికి ఈ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీలది. 1610లో దక్షిణాన పులికాట్‌లో, చంద్రగిరి రాయలు వేంకటపతిదేవరాయల అనుమతితో మరో స్థావరం మొదలైంది. 1612లో ఇప్పటి మద్రాసులోని శాంథోమ్ నుంచి పోర్చుగీసువారు వచ్చి దాన్ని పాడుచేశారు. దానితో 1613లో అక్కడ గెల్డ్రియా కోట లేచింది. ఈ కోట, ఈ కోఠీలు హాలండుకు గుడ్డ పంపడానికని కట్టినవి కావు, మలుకు దీవులకు పంపడానికి. హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి 1612లోనే తేల్చి చెప్పాడు: కోరమాండల్ తీరం మలుకు దీవులకు ఎడమ చెయ్యి, ఇక్కడి గుడ్డ లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టే.

తిరిగి ఇవ్వనక్కరలేని పెట్టుబడి

కంపెనీ పుట్టింది 1602 మార్చి 20న. అంతకుముందు హాలండు రేవు పట్టణాలు విడివిడిగా ఓడలు పంపుతూ, ఒకదానిమీద ఒకటి పోటీపడి తూర్పున మిరియాల ధర పెంచుకుని, ఇంటికొచ్చాక అమ్మకం ధర తగ్గించుకుని నష్టపోతుండేవి. ప్రభుత్వమే కూర్చోబెట్టి అన్నిటినీ కలిపింది. ఆరు పట్టణాల శాఖలు, పైన పదిహేడుగురు పెద్దల సభ. సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనం పోగైంది. దానికి రెండేళ్ళ ముందు పుట్టిన ఇంగ్లీషు కంపెనీ మొదటి పెట్టుబడి 68 వేల పౌండ్ల చిల్లర, అంటే ఇందులో పదో వంతుకు అటూ ఇటూ.

మొత్తం కన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. ఇంగ్లీషువారు మొదట్లో యాత్రకొక పెట్టుబడి పోగుచేసి, ఓడ తిరిగొచ్చాక సరుకమ్మి, లాభం పంచుకుని, లెక్క మూసేసేవారు. డచ్చి కంపెనీలో పదేళ్ళకు లెక్క మూసి ఎవరి వాటా వారికి ఇవ్వాలన్నది మొదటి ఒప్పందం. 1612లో ఆ గడువు వచ్చినప్పుడు కంపెనీ డబ్బు తిరిగి ఇవ్వలేదు. వాటా వద్దనుకున్నవాడు ఆమ్‌స్టర్‌డాం బజారులో ఇంకొకరికి అమ్ముకోవచ్చు, కంపెనీలోంచి మాత్రం తీసుకోలేడు. వాటాదారులకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? 1610లో మొదటిసారి పంచిన లాభం కూడా చేతికి సొమ్ముగా రాలేదు. వాటా విలువలో 75 శాతం లెక్కగట్టి జాపత్రి పంచారు. ఇంట్లో జాపత్రి బస్తాలు పెట్టుకుని ఏం చేసుకోవాలో తెలియక, అందరూ ఒక్కసారే అమ్మబోయి ధర పడగొట్టుకున్నారు.

వాటాదారులకు అది కష్టమే. కంపెనీకి మాత్రం సామ్రాజ్యం అక్కడే మొదలైంది. కోట కడితే ఆ ఖర్చు రెండేళ్ళలో తిరిగి రాదు. నేతగాళ్ళకు ఇచ్చిన బయానా గుడ్డై, ఆ గుడ్డ లవంగమై, ఆ లవంగం ఆమ్‌స్టర్‌డాంలో నాణేలు కావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. యాత్ర యాత్రకూ లెక్క మూసే సంస్థ అంతకాలం ఆగలేదు. తీసుకుపోవడానికి వీల్లేని డబ్బున్న సంస్థే ఆగగలదు. ఆ డబ్బుతో పాటు ప్రభుత్వం ఇచ్చిన అధికారపత్రంలో యుద్ధం చేసే హక్కు, సంధి రాసుకునే హక్కు, కోటలు కట్టి సైన్యం పెట్టుకునే హక్కు కూడా ఉన్నాయి. వడ్డీవ్యాపారి సంచీ, దండనాయకుడి కత్తి ఒకే చేతికి వచ్చాయన్నమాట.

వెండి బంగారం, బంగారం గుడ్డ, గుడ్డ జాజికాయ

1619లో జకార్తాను కాల్చి అక్కడ కంపెనీకి తూర్పు కేంద్రంగా బటావియా కట్టిన యాన్ పీటర్స్‌జూన్ కూన్, పదిహేడుగురు పెద్దలకు ఒక ఉత్తరంలో మొత్తం వ్యాపారచక్రాన్ని విప్పి చెప్పాడు. గుజరాత్ గుడ్డ ఇచ్చి సుమత్రాలో మిరియాలు, బంగారం తెస్తాం. మిరియాలూ గంధపుచెక్కా ఇచ్చి చైనా సరుకు, చైనా బంగారం తెస్తాం. చైనా సరుకుతో జపాన్ వెండి వస్తుంది. కోరమాండల్ గుడ్డతో సుగంధద్రవ్యాలు. ఒకసారి పెద్ద మొత్తం తూర్పున పెట్టి వదిలేయండి, ఆసియాలో ఆసియా సరుకు తిప్పి సంపాదించిన లాభంతోనే మీకు ఓడల నిండా సరుకు పంపుతాను, ఇదీ ఆయన కోరింది. మనిషి క్రూరుడు, ఆ సంగతి ముందుకు వస్తుంది. లెక్క మాత్రం సరైనది.

ఈ చక్రంలో మన తీరానికి సంబంధించిన చిక్కు ఒకటుంది. ఐరోపా దగ్గర మిగులు ఉన్నది వెండి. 1545లో బయటపడ్డ పొటోసి గనుల నుంచి స్పెయిన్ చేతుల మీదుగా వచ్చిన వెండి, ఎనిమిది రియాళ్ళ నాణెంగా, ఒక్కొక్కటి 27 గ్రాముల బరువున, ప్రపంచమంతా తిరుగుతోంది. కానీ గోల్కొండలోనూ చంద్రగిరి రాయల రాజ్యంలోనూ పెద్ద వ్యాపారం నడిచేది బంగారు వరాహల్లో. వరాహ మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. నేతగాడికి, రంగరికి, సుంకం అధికారికి అందరికీ లెక్క వరాహల్లోనే. వెండి తెచ్చినవాడు నాణేలు మార్చే సరాఫు దగ్గర వట్టం, అంటే మారకపు తరుగు, ఇచ్చుకుని మార్చుకోవాలి, అందులోనే నాలుగు డబ్బులు పోతాయి.

డచ్చివారు దీనికి కనిపెట్టిన ఉపాయం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. జపాన్‌లో వెండి గనులు పుష్కలం. చైనాలో వెండికి గిరాకీ ఎక్కువ, కాబట్టి అక్కడ అదే వెండికి మిగతా చోట్లకన్నా ఎక్కువ బంగారం వస్తుంది. 1624లో తైవాన్‌లో కోట కట్టి, చైనా పట్టు జపాన్‌కు చేరవేసి, జపాన్ వెండి తైవాన్‌కు తెచ్చి, దానితో చైనా బంగారం కొని, ఆ బంగారాన్ని పులికాట్‌కు పంపారు. అక్కడ కంపెనీ టంకశాలలోనే వరాహలు కొట్టారు. 1639లో జపాన్ పోర్చుగీసువారిని వెళ్ళగొట్టాక ఐరోపా వాళ్ళలో ఆ దేశానికి వెళ్ళగలిగేది డచ్చివారు మాత్రమే. ఇంగ్లీషువారి ఓడ లండన్ నుంచి వెండి మోసుకొచ్చి మచిలీపట్నంలో వట్టం కట్టుకుంటుంటే, పక్క పేటలో డచ్చివాడు నాగసాకి లాభాన్ని వరాహలుగా లెక్కపెట్టేవాడు. ఒకే ఊరు, ఒకే నేత, చేతిలో ద్రవ్యం వేరు.

ఇంత పొడుగు గొలుసుకు ఎక్కడో ఒకచోట తెగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 1662లో చైనా సేనాని జెంగ్ చెంగ్‌గాంగ్ తైవాన్ లాక్కున్నాడు. 1668లో జపాన్ వెండి ఎగుమతి ఆపేసింది. ఆ రెండు దెబ్బలతో కోరమాండల్‌కు కావలసిన సొమ్ములో ఎక్కువ భాగం మళ్ళీ ఐరోపా నుంచే తేవలసి వచ్చింది.

ఒక తాను ఎలా వచ్చేది

గుడ్డ కొనడమంటే బజారుకెళ్ళి మూటగట్టుకు రావడం కాదు. బటావియా నుంచి ముందుగానే జాబితా వచ్చేది: ఏ రకం ఎన్ని తాన్లు, పొడవెంత, వెడల్పెంత, అంచు రంగేమిటి. ఒక్కో దీవికి ఒక్కో రుచి. సుమత్రా, జావా వాళ్ళకు రెండు కొసలా కోణాల వరుస ఉండాలి. ఇరాన్‌కు పూలతీగలు కావాలి. అంచు రంగు తేడా వస్తే ఆ తాను దీవుల్లో ఎవరూ ముట్టరు, ఏళ్ళ తరబడి గిడ్డంగిలో పడి ఉంటుంది. అందుకని కోఠీలో నమూనా గుడ్డలు ఉంచుకుని, వర్తకుల ముందు పరిచి, ధర తెంచి, బయానా ఇచ్చేవారు. బయానా వర్తకుడి చేతి నుంచి ఊళ్ళోని నేతపెద్దకు, అతని నుంచి మగ్గానికి దిగేది. దానితోనే నేతగాడు నూలు కొనుక్కోవాలి, ఇల్లు గడుపుకోవాలి. దూది లోపలి నల్లరేగళ్ళ నుంచి లంబాడీల ఎద్దుల మీద తీరానికి వచ్చేది.

నేత నాణ్యానికి కొలత పుంజం. పడుగులో 120 పోగులు ఒక పుంజం. ఒకే వెడల్పులో 14 పుంజాలుంటే 1,680 పోగులు, ముతక రకం. 36 పుంజాలంటే 4,320 పోగులు, సన్నని నేత. మోసం ఎక్కడ జరుగుతుందో ఈ లెక్కలోనే కనిపిస్తుంది. వానలు పోయి దూది ధర పెరిగిందనుకోండి. గుడ్డకు తెంచిన ధర మారదు. పొడవు తగ్గిస్తే మూర వేసిన వెంటనే తెలిసిపోతుంది. పోగులు తగ్గించి గంజి ఎక్కువ పెడితే కోఠీలో మొదటి చూపుకు పట్టుబడదు, దీవుల్లో ఒకసారి ఉతికాక జల్లెడవుతుంది. కంపెనీ ఉద్యోగులు దీన్ని నేతగాళ్ళ దొంగబుద్ధి అని రాసుకున్నారు. బియ్యం ధర, నూలు ధర పెరిగినా గుడ్డ ధర పెంచనివాడికి పలచటి గుడ్డే వస్తుంది. ఆ నింద అన్యాయం.

రంగు గుడ్డ ఇంకో ఎత్తు. మచిలీపట్నం చుట్టూ చేసిన కలంకారీ ఎర్రదనానికి మూలం చిరివేరు. కృష్ణా ముఖద్వారం దగ్గర ఇసుక నేలల్లో, గుల్ల సున్నం కలిసిన మట్టిలో ఊరిన వేరు రంగు బాగా పలుకుతుంది. పని వరుస ఇలా ఉంటుంది. ముందు గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరేసి, మళ్ళీ తడుపుతూ చలవ చేస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు కలం గీత పాకకుండా ఆపుతుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిమితో నల్ల గీతలు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు. ఆ గుడ్డను చిరివేరు వేసిన కాగులో మరగబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది పారే నీళ్ళలో ఉతికి ఎండేస్తే పోతుంది. నీలం కావాలంటే నీలం అక్కరలేని చోటంతా మైనం పూసి నీలిమందు బానలో ముంచాలి. ఉతకడానికి పారే మంచినీళ్ళు లేకపోతే ఈ పని సాగదు. కాలువ ఎండిన ఏడు గుడ్డ మసకబారుతుంది. ఐరోపాలో ఆ కాలానికి నూలుగుడ్డ మీద ఉతికినా పోని ఎరుపు వేయడం రాదు.

దీనంతటికీ ఒక గడువుంది. అక్టోబరు నడిమికి ఈశాన్య రుతుపవనం ముంచుకొస్తుంది, రక్షణ లేని ఈ తీరంలో ఓడ నిలబడితే ముక్కలవుతుంది. గుడ్డ ఆలోగా ఓడెక్కాలి. సొమ్ము తెచ్చే ఓడ రెండు నెలలు ఆలస్యమైతే బయానా ఆలస్యం, అంతకుముందే ఇంగ్లీషువాడో గోల్కొండ వర్తకుడో మగ్గాలన్నీ మాట్లాడేసుకుంటాడు. లేదా స్థానిక సాహుకార్ల దగ్గర అప్పు చేయాలి. ఆమ్‌స్టర్‌డాంలో కంపెనీకి అతి చవకగా పుట్టే అప్పు ఇక్కడ దానికి ఎన్నో రెట్ల వడ్డీకి దొరికేది. అందుకే ముందటి ఏటి సొమ్ము మిగుల్చుకుని, ఈ ఏటి ఓడ రాకముందే బయానాలు పంచగలిగిన కోఠీకి మంచి గుడ్డ, చవక గుడ్డ దొరికేది. తిరిగి ఇవ్వనక్కరలేని పెట్టుబడి అసలు బలం ఇక్కడ, మగ్గం దగ్గర, కనిపిస్తుంది.

ఒడ్డు నుంచి ఓడకు చేర్చే పని మసులా పడవలది. మేకు లేకుండా పలకలను కొబ్బరినారతో కుట్టిన పడవ, కెరటం కొట్టినప్పుడు విరగకుండా వంగుతుంది. కంపెనీ ఓడల చిన్న పడవలు ఆ అలల్లో పగిలిపోయేవి. ప్రపంచ సముద్రాలు దాటొచ్చిన ఓడ ఆఖరి మైలు మన పల్లెకారుల చేతుల్లో ఉండేది.

రెండు తీరాలు, రెండు ముఖాలు

బందాలో కంపెనీ ఏం చేసిందో ఇప్పుడు చూడాలి. జాజికాయ తమకే అమ్మాలని డచ్చివారు రాయించుకున్న ఒప్పందాలను దీవివాసులు లెక్కచేయలేదు. డచ్చివారు బియ్యం సరిగా తేరు, గుడ్డకు ధర ఎక్కువ చెబుతారు, ఎప్పటిలా జావా వాళ్ళకో ఇంగ్లీషువారికో అమ్ముకున్నారు. 1621లో కూన్ స్వయంగా నౌకాదళంతో దిగాడు. 44 మంది ఊరిపెద్దలను జపాన్ కిరాయి సైనికుల చేత నరికించాడు. సుమారు 15,000 ఉండేదని అంచనా వేసిన జనాభాలో దీవుల్లో మిగిలింది వెయ్యి మంది. మిగతావారు చంపబడ్డారు, ఆకలితో చచ్చారు, బానిసలుగా బటావియాకు పోయారు, కొందరు పక్క దీవులకు పారిపోయారు. నేలను 68 తోటలుగా కోసి డచ్చి గృహస్థులకిచ్చారు. చాకిరీకి మనుషులు కావాలి కదా. ఆ బానిసల్లో కోరమాండల్ మనుషులూ ఉన్నారు. వేంకటపతిరాయలు పోయాక వారసత్వ యుద్ధాలతో దేశం అల్లకల్లోలమై, పైన కరువు పడ్డప్పుడు తిండిలేక తమను, బిడ్డలను అమ్ముకున్నవారిని కంపెనీ పులికాట్ వంటి రేవుల్లో కొంది. 1620ల మొదట్లో ఒక్క రెండేళ్ళలోనే వెయ్యికి పైగా మనుషులను ఓడలెక్కించారు. ఈ తీరం దీవులకు గుడ్డతో పాటు మనుషులను కూడా పంపిందన్నది మన చరిత్ర పుస్తకాల్లో కనిపించడమే అరుదు. అది కనిపించాలి.

అదే కంపెనీ, అదే ఏడు, మచిలీపట్నంలో ఎలా ఉంది? గోల్కొండ తరఫు రేవు అధికారి హవల్దారుకు నజరానాలు మోస్తోంది. రేవు అధికారం ఇజారాకిచ్చేవారు, ఎక్కువ పాడినవాడిదే పదవి, అదీ ఏడాదికే. పాడిన సొమ్ము ఏడాదిలో రాబట్టుకోవాలి కాబట్టి ప్రతి కొత్త హవల్దారూ సుల్తాను ఇచ్చిన ఫర్మానాలో (రాజాజ్ఞలో) ఉన్న రాయితీకి కొత్త అర్థం తీసేవాడు. కంపెనీ ఉత్తరాలు రాసింది, సుల్తానుకు కానుకలు పంపింది, బాగా విసిగినప్పుడు గోల్కొండ ఓడలను సముద్రంలో ఆపి బెదిరించింది. ఊరిని తగలబెట్టే పని పెట్టుకోలేదు. కారణం మంచితనం కాదు. బందాలో సరుకు పది దీవుల్లో, కదలని చెట్ల మీద ఉంది. ఇక్కడ సరుకు వందల ఊళ్ళలో మగ్గాల మీద ఉంది. నేతగాడిని బెదిరిస్తే మగ్గం విప్పుకుని పక్క సీమకు పోతాడు, పోయేవాడు కూడా. కొనేవాళ్ళు డచ్చివారొక్కరే కారు: 1611 నుంచి ఇంగ్లీషువారు, తర్వాత డెన్మార్క్ వాళ్ళు, ఫ్రెంచివారు, వీళ్ళందరికన్నా ముందునుంచీ పెగూ, అచే, అరకాన్, ఇరాన్, మక్కా దారుల్లో ఓడలు తిప్పిన గోల్కొండ వర్తకులు. వెనక పెద్ద సైన్యం దింపగల రాజ్యం.

స్థానిక వర్తకులు కూడా చిన్నవాళ్ళు కారు. పులికాట్‌లో డచ్చివారి తరఫున గుడ్డ పోగుచేసిన అచ్యుతప్ప చెట్టి, మలయ అని పేరు, బలిజ వర్తకుడు. ఆయనకు సొంత ఓడలున్నాయి, చంద్రగిరి దర్బారులో పలుకుబడి ఉంది, పన్నుల ఇజారాలున్నాయి. 1634లో ఆయన పోయాక తమ్ముడు చిన్నన్న అదే స్థాయిలో నడిపించాడు. కంపెనీకి వీళ్ళు లేనిదే గడవదు, వీళ్ళు కంపెనీ లేకున్నా గడుపుకోగలరు. అది తట్టుకోలేకే 1660ల నుంచి డచ్చివారు వర్తకులను వాటాలు వేయించి సంఘాలుగా కట్టారు. ఒకడు బయానా ఎగ్గొడితే మిగతా వాటాదారులు కట్టాలి, ధర అందరికీ ఒకటే. తమ ఆమ్‌స్టర్‌డాం పద్ధతినే చిన్న అచ్చులో ఇక్కడ దించారు. లాభం పెద్ద వంతు కంపెనీదే అయింది, విడివిడిగా బేరమాడే వర్తకుడి చెయ్యి కట్టేసినట్టయింది.

గుత్త తనను తానే తిన్నది

1660ల చివరికి సులవేసి దీవిలోని మకస్సర్ రాజ్యం కూడా లొంగిపోయాక లవంగం, జాజికాయ, జాపత్రి మూడింటి మీదా గుత్త పూర్తయింది. అక్కర్లేని దీవుల్లో లవంగం చెట్లు నరికించారు. ఐరోపాలో ధర తమ ఇష్టం. దీవులవైపు ఏమైందో చూడండి. కొనేవాడు ఒక్కడే కాబట్టి లవంగానికి అతి తక్కువ ధర. అమ్మేవాడూ ఒక్కడే కాబట్టి గుడ్డకు అతి ఎక్కువ ధర. కొన్నాళ్ళకు ఆ జనం దగ్గర కోరమాండల్ గుడ్డ కొనే శక్తే పోయింది. జావాలోనూ ఇతర దీవుల్లోనూ సొంతంగా దూది వేసి, ముతకగానైనా నేసుకోవడం పెరిగింది. గుడ్డ మీద నిలబడ్డ చక్రంలో గుడ్డకే గిరాకీ తగ్గించుకున్నారు.

కంపెనీని అప్పుడు నిలబెట్టింది ఐరోపా మోజు. 17వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో లండన్, ఆమ్‌స్టర్‌డాం, పారిస్ ఆడవాళ్ళు ఉతికినా రంగు పోని తూర్పు గుడ్డ మీద పడ్డారు. 1620 ప్రాంతంలో హాలండు చేరే కంపెనీ సరుకులో మిరియాలదే పెద్ద వాటా, గుడ్డ ఆరో వంతు. 1700 నాటికి గుడ్డ, పట్టు కలిసి సగం దాటాయి. అయితే ఆ పెరుగుదలలో పెద్ద వంతు బెంగాలు తీసుకుపోయింది, కోరమాండల్ వెనకబడింది. ముతక నీలిగుడ్డ ఇంకో చీకటి దారి పట్టింది. గినీ గుడ్డ అనే పేరుతో పశ్చిమాఫ్రికాకు పోయి, అక్కడ అమెరికా తోటలకు పంపే బానిసల కొనుగోలులో మారకమైంది. ఐరోపా నేతగాళ్ళు గగ్గోలుపెడితే ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో రంగు గుడ్డల మీద నిషేధం పెట్టాయి. 1721లో ఇంగ్లండ్ వాటిని ధరించడమే నేరం చేసింది. ఆ గోడ చాటునే అక్కడి అద్దకం, తర్వాత నేత, పెరిగాయి.

ఇక్కడ మరో మార్పు. 1687లో గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి పోయింది. దానికి ముందు ఏడే బాకీల తగాదాలో డచ్చివారు మచిలీపట్నాన్ని కొద్ది నెలలు ఆక్రమించగలిగారంటే రాజ్యం అప్పటికే ఎంత సడలిందో తెలుస్తుంది. డచ్చివారు తమ పెద్ద స్థావరాన్ని 1690లో నాగపట్నానికి మార్చుకుని, ఉత్తరాన పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురం, భీమునిపట్నం కోఠీలను గుడ్డకోసం నిలుపుకున్నారు.

కానీ గెలిచింది ఇంగ్లీషువారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు, 1759 ఏప్రిల్‌లో బందరు కోట పోయింది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందం, దానితో ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. వందన్నర ఏళ్ళుగా ఏ కంపెనీకీ సాధ్యం కానిది అప్పుడు సాధ్యమైంది. ఇంజరంలో, మాధవాయపాలెంలో, విశాఖపట్నంలో కూర్చున్న కంపెనీ వాణిజ్యాధికారులు మధ్య వర్తకులను పక్కకు తోసి, గుమాస్తాల ద్వారా నేరుగా మగ్గానికి బయానా అంటగట్టారు. తీసుకున్నవాడు ఇంకెవరికీ నేయకూడదు. పక్క సీమకు పారిపోదామన్నా ఆ సీమా కంపెనీదే. గుడ్డ కొనడానికి సొమ్ము కూడా సముద్రాలు దాటి రానక్కరలేదు, సర్కారుల శిస్తు ఉంది. నేతగాడి దగ్గర వసూలైన పన్నే బయానాగా అతనికి తిరిగొచ్చింది. నాగసాకి, తైవాన్, పులికాట్ టంకశాల, వాటి అవసరం తీరిపోయింది.

డచ్చి కంపెనీ 1799 చివర రద్దయింది. మిగిలిన కోఠీలను 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషువారికి అప్పగించారు. భీమిలిలో, బందరులో, పులికాట్‌లో చెక్కిన రాళ్ళతో డచ్చి సమాధులు ఉండిపోయాయి. సులవేసి కొండల్లోని తొరాజా ఇళ్ళలో పాత కోరమాండల్ గుడ్డలను వెదురుబొంగుల్లో, పెట్టెల్లో దాచి, పండగలకూ చావులకూ మాత్రమే బయటికి తీస్తూ తరాలు గడిపారు. వాటిలో కొన్నిటి మీద కంపెనీ ముద్ర చెదరలేదు. చిరివేరు ఎరుపూ చెదరలేదు.